గీత పడని మాటలు

హోటల్లో నాలుగు వందల పడకలు. వాటి మీద పరిచే ప్రతి దుప్పటీ, ప్రతి గలీబూ, స్నానాల గదుల్లో వేలాడే ప్రతి తువ్వాలూ కింది అంతస్తులో ఉన్న ఒకే ఒక్క గదిలోంచి బయల్దేరి మళ్ళీ ఆ గదికే చేరాలి. దాన్ని లినెన్ రూమ్ అంటారు. నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, ఒక పొడుగాటి బల్ల, ఆ బల్లకు తాడుతో కట్టిన ఒక పెన్సిలు. తాడెందుకంటే పెన్సిళ్ళకు కాళ్ళుంటాయి, కట్టకపోతే నడిచిపోతాయి. ఆ బల్ల వెనక ఇరవై రెండేళ్ళుగా నిలబడుతున్న ఆవిణ్ణి హోటలంతా దుప్పట్లక్క అంటుంది. దుప్పటి అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే చాలు, అది ఇంకెన్ని ఉతుకులకు ఆగుతుందో చెప్పేస్తుంది. కాదని పందెం కాసినవాళ్ళంతా ఓడిపోయారు.

ఆ గదికొక పద్ధతుంది. పై అంతస్తుల నుంచి చీటీలొస్తాయి, దుప్పట్లు ఇన్ని, తువ్వాళ్ళు ఇన్ని, కాళ్ళు తుడుచుకునే పట్టాలు ఇన్ని అని. ఉన్నవి తీసి ట్రాలీలో పెడతారు. లేనివాటి కింద గీత గీసి, ఆ చీటీని ట్రాలీ మీదే పెట్టి పంపుతారు. ఉన్నవాటికి ఏ గుర్తూ పెట్టరు. దుప్పట్లక్క పనిలో చేరిన మొదటి రోజే, ఆ గదికి ఇన్‌చార్జిగా ఉన్న పెద్దాయన ఈ సంగతి నేర్పాడు. "ఇచ్చినదానికి గుర్తెందుకమ్మా, కళ్ళెదురుగా కనపడుతూనే ఉంటుంది. లేదని చెప్పడానికే గీత కావాలి" అన్నాడు. అప్పట్నుంచి ఆవిడ గీసిన గీతలన్నీ కలిపి లాగితే ఊరి చుట్టూ రెండుసార్లు తిప్పొచ్చు.

అంతా బాగానే ఉంది, చీటీలు ఉన్నంత కాలం. ఈమధ్య హోటల్లో చీటీలు ఎత్తేసే ఏర్పాటు మొదలైంది. గదుల్లో దిగిన గెస్టులు తమకు కావలసినవి తామే ఫోన్లో ఇంగ్లీషులో రాస్తారు, అది నేరుగా లినెన్ రూమ్ గోడ మీది తెరలో పడుతుంది. దుప్పట్లక్కకు ఇంగ్లీషు అక్షరాలొచ్చు, టవలూ పిల్లో లాంటి మాటలూ వచ్చు. కానీ గెస్టు రాసేది చీటీ కాదు, ఉత్తరం. రెండు తువ్వాళ్ళు అడగడానికి నాలుగు వరుసల మర్యాద, రెండు వరుసల వాతావరణం. ఆ పొట్టులోంచి గింజలు ఏరుకోవాలి.

అందుకే కొత్త మేనేజరు ఒక పరీక్ష పెట్టాడు. ఇరవై ఇంగ్లీషు వాక్యాలిస్తారు, వాటిలో నౌన్లు, అంటే మన బళ్ళో నామవాచకాలన్నవే, గుర్తుపట్టాలి. పదిహేను వాక్యాలు సరిగ్గా చేయగలిగితే, నెలాఖరుకు పెద్దాయన రిటైరవగానే ఇన్‌చార్జి పదవీ, గది తాళాలూ దుప్పట్లక్కవి. చేయలేకపోతే ఆవిడ వెనకవైపు ఇస్త్రీ యంత్రాల దగ్గరికి పోవాలి, రోజంతా ఆవిరిలో ఉడకాలి. తాళాలు బయటినుంచి వచ్చే ఎవరికో పోతాయి. ఆవిరిని చూసి ఆవిడ భయపడలేదు. తన అరలు ఇంకొకళ్ళు సర్దుతారన్న ఊహకే భయపడింది.

ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఎక్కడికి పోవాలా అని రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు భర్త నవ్వాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ వరస. మా అమ్మ ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు టీచరుగా చేసింది కదే" అన్నాడు.

ఆ సంగతి దుప్పట్లక్కకు తెలియక కాదు, తెలిసే ఆలోచించింది. అత్తగారు ఎదురుపడితే మీసాలు వచ్చిన పాత విద్యార్థులు కూడా ఇప్పటికీ చేతులు కట్టుకుని నిలబడతారు. నెల కిందట మెట్టు మీద జారి చీలమండ విరగ్గొట్టుకుని, కాలికి పిండికట్టుతో కిటికీ పక్క కుర్చీలో పడి ఉంది పాపం. దిద్దడానికి కాపీ పుస్తకాల్లేక రోజూ పేపరు తెప్పించుకుని, ఎర్ర పెన్నుతో అందులో తప్పులు పట్టి, పత్రికకు పదికి ఎన్ని మార్కులో వేసేది. ఏనాడూ ఆరు దాటలేదు. అలాంటి మనిషి దగ్గరికెళ్ళి కోడలు నాకు పాఠం చెప్పండి అనేసరికి, ఆవిడ కళ్ళలో ఎప్పటివో దీపాలు వెలిగాయి. మొహం మాత్రం చింతపండు నమిలినట్టే పెట్టింది.

"చెబుతాను గానీ, కోడలివని కనికరించను" అంది.

"మీరెప్పుడు కనికరించారు గనక అత్తయ్యా, కొత్తగా భయపడడానికి" అంది కోడలు.

పాఠాలు సాయంత్రాలు మొదలయ్యాయి. కోడలికి పని తెమిలేది కాదు కాబట్టి కూరగాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ వినేది. అత్తగారు కుర్చీలోంచి వాక్యం చదివేది, కోడలు నౌన్లు నోటితో చెప్పేది. చేతులు పనిలో, నోరు పాఠంలో. పదిహేను రోజుల చదువుకు ఒక్క కాగితం ముక్క ఖర్చు కాలేదు.

"నౌన్ అంటే పేరు. మనిషికో, చోటుకో, వస్తువుకో ఉండే పేరు" అని మొదలుపెట్టింది అత్తగారు.

"అంటే అరలో పెట్టగలిగేది."

"మీ అరల గోల నాకెందుకే! సరే, అలాగే అనుకో. ది ఓల్డ్ మ్యాన్ వాక్స్ స్లోలీ."

"మ్యాన్."

"ముసలాయన్ని అరలో ఎలా పెట్టావ్?"

"కింది అరలో పెట్టానత్తయ్యా. పైదాకా ఎక్కలేడు కదా."

అత్తగారు నవ్వు ఆపుకోవడానికి పేపరు అడ్డం పెట్టుకుంది. నాలుగో రోజుకు టేబులూ, విండో, సిస్టరూ, మార్కెట్టూ అన్నీ కోడలి అరల్లో బుద్ధిగా కూర్చున్నాయి. ఆ మర్నాడు పేచీ వచ్చింది.

"పేషెన్స్ ఈజ్ ఎ గుడ్ హ్యాబిట్" అని చదివింది అత్తగారు.

కోడలు చేతిలోని దుప్పటి రెండు మడతలు పెట్టి, ఇంకో రెండు మడతలు కూడా పెట్టి, "ఇందులో ఏమీ లేవు" అంది.

"రెండున్నాయి. పేషెన్స్ ఒకటి, హ్యాబిట్ ఒకటి."

"పేషెన్స్ అంటే ఓపిక కదా! ఓపిక వస్తువెలా అవుతుందండీ? నేనెప్పుడూ చూళ్ళేదు."

"ఈ ఇంట్లో నేనూ చూళ్ళేదు. అయినా దానికి పేరుందా లేదా? కంటికి కనబడేదైతే వేలు పెట్టి చూపిస్తాం. కనబడనిదాన్ని పేరుతో తప్ప ఎలా అడుగుతావే? ఇదిగో, మీ హోటలు భాషలోనే చెబుతా విను. ఎవరైనా నాకది కావాలి అని చీటీ రాయగలిగితే అది నౌన్. అరలో పట్టినా పట్టకపోయినా సరే. ఓపిక కావాలి. నిద్ర కావాలి. సైలెన్స్ కావాలి."

"సైలెన్స్ ఎవరు అడుగుతారండీ?"

"నేను!" అని పక్కగదిలోంచి లిఫ్టు మెకానిక్కు కేకేశాడు.

ఆ దెబ్బతో సైలెన్స్ నౌన్ అని కోడలికి జన్మలో మరిచిపోకుండా పట్టుబడింది. దాని వెనకే స్లీపూ, ట్రబులూ, హోపూ వచ్చి చేరాయి. పరీక్షకు ముందు రోజు అత్తగారు ఇరవై వాక్యాలు అడిగింది. కోడలు ఒక్కటీ తప్పలేదు.

"పందొమ్మిదిన్నర" అంది అత్తగారు.

"ఆ అర ఏమైందండీ?"

"నా దగ్గరుంటుంది. ముప్పై నాలుగేళ్ళలో ఎవరికీ నిండా మార్కులివ్వలేదు. ఇస్తే పిల్లలు చెడిపోతారు."

"నాకు నలభై ఆరేళ్ళు అత్తయ్యా."

"చెడిపోవడానికి వయసుతో పనేముంది?" అని, గొంతు తగ్గించి, "రేపక్కడ కంగారు పడకు. పరీక్ష అనుకోకు. రోజూ వచ్చే చీటీయే అనుకో. నీ చేయి అలవాటైన పని అది చేసుకుపోతుంది" అంది.

మంచి సలహా. కొంపముంచింది కూడా అదే.

మేనేజరు చెడ్డవాడు కాదు. వచ్చి మూడు నెలలైంది, వయసు ముప్పై దాటలేదు, బూట్లలో మన మొహం చూసుకోవచ్చు. పై ఆఫీసులో కూర్చోబెడితే దుప్పట్లక్క బిగుసుకుపోతుందని ఆలోచించి, ప్రశ్నపత్రం తానే లినెన్ రూమ్‌కు తెచ్చాడు. "మీ బల్ల దగ్గరే రాయండక్కా, మీకు అలవాటైన చోటు" అని చెప్పి తలుపు వేసి వెళ్ళాడు. దయ కూడా ఒక్కోసారి వేళకాని వేళ వస్తుంది.

పైన రాసి ఉన్నది దుప్పట్లక్క చదివింది. నౌన్ల కింద గీత గీయండి అని ఉంది. అర్థమైంది. మొదటి వాక్యం చూసింది. ది గెస్ట్ స్లెప్ట్ వెల్ ఆన్ ది సాఫ్ట్ పిల్లో. అంతే, అక్షరాలన్నీ చక్కెర డబ్బా తెరిస్తే పారిపోయే చీమల్లా చెదిరిపోయాయి. బయట ట్రాలీల చప్పుడు. ఇస్త్రీ యంత్రం బుసలు. ఆవిడ కళ్ళు మూసుకుంది. పరీక్ష అనుకోకు, చీటీ అనుకో. కళ్ళు తెరిచి, తాడుకు వేలాడుతున్న తన పెన్సిలు అందుకుంది. గెస్టు ఉన్నాడు. పిల్లో ఉంది. మిగతావి తన దగ్గర లేవు. ఆ తర్వాత చేయి ఇరవై రెండేళ్ళుగా ఎలా నడిచిందో అలాగే నడిచింది. ఇరవై వాక్యాలూ ఇరవై నిమిషాల్లో తెమిలాయి. ఇంత సుళువా అని ఆవిడకే సిగ్గేసింది.

అరగంట తర్వాత మేనేజరు తిరిగొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, రెండుసార్లు దిద్దాను" అన్నాడు.

"ఎన్ని తప్పులు సార్?"

"ఎన్ని ఒప్పులని అడగండి."

"ఎన్ని ఒప్పులు సార్?"

ఆయన కాగితమే చేతికిచ్చాడు. మూలన గుండ్రంగా సున్నా ఉంది. రేపు మధ్యాహ్నం లోపు పై ఆఫీసుకు పేరు పంపాలని, తన చేతుల్లో ఇంకేమీ లేదని, ఫైలు కోసం ఒక జెరాక్సు తీసి ఉంచానని నేల చూపులు చూస్తూ చెప్పాడు. దుప్పట్లక్క కాగితం తిప్పి చూడలేదు. సున్నాలో చూడడానికేముంటుంది? నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, రోజూ చేసినట్టే అరల తలుపులు మూసింది. ఆ రోజు మాత్రం మూస్తూ ఒక్కో తలుపు మీదా కాసేపు చేయి ఉంచింది.

ఇంటి దగ్గర అత్తగారు కిటికీలోంచి మెడ చాచి చూస్తోంది. అప్పటికే ఎదురింటావిడకీ, పక్కింటావిడకీ, పాలుపోసే ఆవిడకీ నా స్టూడెంటు ఈరోజు పరీక్ష రాస్తోందని చెప్పి ఉంది. కోడలు లోపలికొచ్చి సంచి కింద పెట్టకముందే, "ఎన్ని?" అంది.

"సున్నా."

"హాస్యాలాడకు."

"సున్నా అత్తయ్యా." కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

అత్తగారు కాగితం వైపు చూడనైనా చూడలేదు. "ముప్పై నాలుగేళ్ళలో నా దగ్గర చదివినవాళ్ళెవరికీ సున్నా రాలేదు! నిద్రపోయినవాళ్ళకి కూడా రాలేదు! నువ్వు వినలేదు. బెండకాయలు తరుగుతూ వింటే బెండకాయలే వస్తాయి. నా పరువంతా గంగలో కలిపావు" అని అందుకుంది. పిండికట్టు లేకపోతే లేచి తిరుగుతూ తిట్టేదే, కుర్చీలో ఉండబట్టి తిట్లన్నీ ఒకచోటే పడ్డాయి.

కోడలు మామూలుగా మాటకు మాట అప్పజెబుతుంది. ఆ రోజు మాత్రం, "మీరు చెప్పినట్టే చేశానండీ" అని ఒక్క మాట అని, బట్టల గంప తీసుకుని వంటింట్లోకి పోయింది. అక్కడ నేల మీద కూర్చుని మడతలు పెట్టింది. జీవితంలో మొదటిసారి అంచులు కలవలేదు. ఇరవై రెండేళ్ళ పనికి సున్నా వేసినట్టు అనిపించి, భర్త చొక్కాతో కళ్ళు తుడుచుకుని, ఆ చొక్కా మళ్ళీ ఉతికే బట్టల్లో పడేసింది. లిఫ్టు మెకానిక్కు రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడిపోయాడు. రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నప్పుడు కదలకూడదని ఆయనకు వృత్తి నేర్పిన పాఠం.

తెల్లారింది. పేపరింకా రాలేదు. అత్తగారి చేతిలో ఎర్ర పెన్ను ఉంది, దిద్దడానికి ఏమీ లేదు. అలవాటు మనిషిని ఊరుకోనివ్వదు కదా. కోపం కోపమేనని మొహం పక్కకు తిప్పుకునే, చేయి చాచి బల్ల మీది మడతల కాగితం అందుకుంది. మొదటి వాక్యం చూసింది. రెండోది చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మూడోది చూసింది. ఐదోది దాటేసరికి కుర్చీలో నిటారుగా అయ్యింది.

"అమ్మాయ్! ఇలా రా!"

కోడలు టీ గ్లాసుతో వచ్చింది, మొహం ముడుచుకునే.

"గెస్ట్ కింద గీత ఎందుకు పెట్టలేదు?"

"ఉంది కదండీ."

"ఏముంది?"

"గెస్ట్ ఉంది కదా. ఉన్నదాని కింద గీతెందుకు? లేనివాటి కిందే..." అంటూ ఆగిపోయింది. టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

అత్తగారు వేలు పెట్టి ఒక్కో వాక్యమే నడిచింది. ది కింద గీత. స్లెప్ట్ కింద గీత. వెల్ కింద, ఆన్ కింద, సాఫ్ట్ కింద గీతలు. గెస్టూ పిల్లో మాత్రం గీత లేకుండా తెల్లగా నిలబడి ఉన్నాయి. పదిహేడో వాక్యంలో పేషెన్స్ కూడా అలాగే, ఒంటి మీద ఈగ వాలకుండా ఉంది. ఇరవై వాక్యాల్లో ఒక్క చోట కూడా దారి తప్పలేదు.

"పిచ్చిదానా" అంది అత్తగారు మెల్లగా. "తెలియనివాళ్ళకి సున్నా రాదే! గుడ్డెద్దు చేలో పడ్డా రెండు కంకులు నోట్లో పడతాయి. ఏమీ రానివాడికి నాలుగో ఐదో వచ్చి తీరతాయి. ఇంత నిక్కచ్చిగా సున్నా తెచ్చుకోవాలంటే అన్నీ తెలిసుండాలి!"

ముందు నవ్వింది కోడలే. నవ్వుతూ గ్లాసు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అత్తగారి పిండికట్టు పక్కనే చతికిలబడింది. అత్తగారికి నవ్వితే కాలు నొప్పి, అయినా ఆపలేకపోయింది. లిఫ్టు మెకానిక్కు పళ్ళు తోముకునే బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చి, సంగతి విని, "చీటీ అనుకోమని చెప్పింది నువ్వేగా అమ్మా? కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డి నాకిందని ఊరికే అన్నారా" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి ఒకే చూపు చూసేసరికి బ్రష్షు నోట్లో పెట్టుకుని వెనక్కి నడిచాడు. కానీ ఆ మాట అత్తగారికి తగలవలసిన చోటే తగిలింది. నవ్వు ఆగాక కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చుంది.

"టాక్సీ పిలవరా" అంది చివరికి. "మధ్యాహ్నం దాకా టైముంది."

నెలన్నరలో ఇల్లు కదలని మనిషి, బడికి వెళ్ళే రోజుల నాటి చేతిసంచి భుజాన వేసుకుని, చేతికర్ర టకటకలాడిస్తూ హోటలు మెరుగు రాళ్ళ మీద నడిచి వచ్చింది. మేనేజరు లినెన్ రూమ్‌లోనే ఉన్నాడు. ఆవిడ నమస్కారమూ చేయలేదు, బతిమాలనూ లేదు. "బాబూ, నీ దగ్గర జెరాక్సు ఉందట కదా, తెప్పించు. ఇంటి దగ్గర మేము దిద్దుకొచ్చామని నీకు అనుమానం రాకూడదు" అంది. ఎన్నో క్లాసో తెలియదు గానీ, అలాంటి టీచరు గొంతు ఆయనా చిన్నప్పుడు ఎక్కడో విన్నదే. మారు మాట్లాడకుండా ఫైలు తెచ్చాడు.

"గీత లేని మాటలు మాత్రం పైకి చదువు."

ఆయన చదివాడు. గెస్ట్, పిల్లో. వుమన్, బాస్కెట్. విండో, రెయిన్. చదువుతూ జేబులోంచి జవాబుల కాగితం తీసి పక్కన పెట్టుకున్నాడు. పదో వాక్యానికి గొంతు నెమ్మదించింది. ఇరవయ్యోది అయ్యాక దుప్పట్లక్క వంక చూశాడు. ఆవిడ బల్ల కింది పెట్టెలోంచి పాత చీటీల కట్ట ఒకటి తీసి ముందు పెట్టింది. ప్రతి దాంట్లోనూ లేనివాటి కింద గీత.

"నాకర్థమైందక్కా" అన్నాడాయన నిజాయితీగా. "కానీ పై ఆఫీసువాళ్ళు ఒక మాటంటారు. పైన రాసింది చదివి కూడా చేయి పాతదారినే పోయింది కదా, రేపు పనిలో కూడా అలాగే అయితే ఏం చేస్తారని."

ఆ మాటలో న్యాయముంది. దుప్పట్లక్క తల వంచుకుంది. అత్తగారు నోరు తెరిచింది గానీ, ఆ లోపే గోడ మీది తెర టింగుమంది. నాలుగో అంతస్తు నుంచి ఎవరో రాశారు. ముందంతా మర్యాదే. ఆ తర్వాత, అవర్ బేబీ హాజ్ ఎ ఫీవర్, ప్లీజ్ బ్రింగ్ టూ సాఫ్ట్ షీట్స్, ఎ స్మాల్ టవల్, ఎ హాట్ వాటర్ బ్యాగ్ అండ్ ఎ లిటిల్ సైలెన్స్.

దుప్పట్లక్క ఎవరి వంకా చూడలేదు. పెదవులు కదుపుతూ ఒక్కసారి చదివింది. పసిబిడ్డ. జ్వరం. మూడో అరలోంచి బాగా ఉతికి మెత్తబడ్డ దుప్పట్లు రెండు, అంచు రెండు వేళ్ళ మధ్య పట్టి చూసి మరీ తీసింది. చిన్న తువ్వాలు తీసింది. అడక్కపోయినా జ్వరం మాట చూసి ఇంకో చిన్న తువ్వాలు కూడా పెట్టింది. వేడినీళ్ళ సంచి తన దగ్గర లేదు, చీటీ మీద రాసి దాని కింద గీత గీసింది. ట్రాలీ తోసేసి, ఫోనెత్తి నాలుగో అంతస్తుకు కలిపింది. "మీ వరండాలో కార్పెట్టు మిషను నడుస్తోందా? ఆపేయండి. చీపుళ్ళతో ఊడవండి. పసిబిడ్డకి జ్వరమట, రెండు గంటల దాకా అక్కడ ఎవ్వరూ గట్టిగా దగ్గకూడదు."

ఫోను పెట్టేసి చూస్తే గదిలో కూడా సైలెన్సే.

"సైలెన్స్ ఏ అరలోంచి తీశారక్కా?" అన్నాడు మేనేజరు. పెదవుల మూల నవ్వు కదిలింది.

"అది అరలో పట్టదు సార్. కానీ అడిగితే ఇవ్వొచ్చు" అంది దుప్పట్లక్క. అత్తగారు ఉన్నట్టుండి పైకప్పు వంక శ్రద్ధగా చూడసాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే ఆవిడకదే అలవాటు.

మేనేజరు పద్ధతి తప్పే మనిషి కాదు. ఇంకో ఇరవై వాక్యాల పత్రం తెచ్చాడు. టీచరమ్మను బయట సోఫాలో కూర్చోమన్నాడు. ఈసారి దుప్పట్లక్క తాడు పెన్సిలు ముట్టుకోలేదు, మేనేజరు జేబులోని పెన్ను అడిగి తీసుకుంది. చేయి తికమక పడినప్పుడల్లా ఆగి, ఊపిరి పీల్చుకుని, ఉన్నదాని కిందే గీత, ఉన్నదాని కిందే అని గొణుక్కుంది. ఒక గంట పట్టింది. పద్దెనిమిది వచ్చాయి. రెండు చోట్ల చేయి మళ్ళీ పాత బుద్ధి చూపించింది. పన్నెండు కొట్టకముందే పై ఆఫీసుకు పేరు వెళ్ళింది. పెద్దాయన నడుముకున్న తాళాల గుత్తి అప్పుడే విప్పి, "నెలాఖరు దాకా మొయ్యడమెందుకు, నడుము నొప్పి" అని దుప్పట్లక్క చేతిలో పెట్టేశాడు.

ఆవిడ తాళాలు గలగలమనిపిస్తూ సోఫా దగ్గరికి పరిగెత్తింది. అత్తగారు పిండికట్టు కాలు చాచుకుని కూర్చుని, నిన్నటి సున్నా కాగితం ఒడిలో పరుచుకుని దిద్దుతోంది. ప్రతి వాక్యం పక్కనా ఎర్ర టిక్కు. సున్నా కొట్టేసి, పక్కన పందొమ్మిదిన్నర వేసి ఉంది.

"ఆ అర ఇంకా మీ దగ్గరే ఉందా అత్తయ్యా?" అంది కోడలు నవ్వుతూ.

అత్తగారు నవ్వలేదు.

"పదిహేను రోజులు పాఠం చెప్పాను, ఒక్కసారైనా నీ చేతికి పెన్సిలివ్వలేదు" అంది. "చీటీ అనుకోమన్నది నేను. నువ్వు కాగితం తెచ్చి పెడితే చూడకుండా తిట్టిందీ నేనే. ఆ పిల్లాడు నయం, రెండుసార్లు చూసి సున్నా వేశాడు. నేను చూడకుండానే వేశాను." పందొమ్మిదిన్నర కొట్టేసి, పక్కన ఇరవై వేసింది. "నీ దాంట్లో కోయాల్సిన మార్కేమీ లేదు. కోయాల్సింది నా దాంట్లోనే."

కోడలు తాళాల గుత్తి ఆవిడ ఒడిలో పెట్టి పక్కన కూర్చుంది.

మార్కులు వేశాక వాటి కింద రెండు గీతలు లాగడం టీచరమ్మకు ముప్పై నాలుగేళ్ళ అలవాటు. పెన్ను ఇరవై కిందకు రానే వచ్చింది. అక్కడ ఆగింది.

"వద్దులే" అంది అత్తగారు పెన్నుకు మూత పెడుతూ. "మీ గదిలో గీత పడితే లేదని కదా అర్థం. ఇది ఉంది." అని, గీత లేని ఇరవైని కోడలి చేతిలో పెట్టింది.